ఆ డబ్బు ఊరికే ఇచ్చింది కాదు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇదీ. అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండో ఏడాది చదువుతున్నారు. మీ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మీరే. రకరకాల జాతులు, నేపథ్యాల విద్యార్థులు రావాలని ఇచ్చే డైవర్సిటీ స్కాలర్‌షిప్ మీద చేరారు. తరగతిలో ఒకరు ‘నీకు కోటాలో వచ్చింది కదా’ అన్నప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. పథకం వాళ్లు పెట్టే సమావేశాలు, ఫొటోలు, దాతల విందులు చదువుకు అడ్డొస్తున్నాయి. జీపీఏ, అంటే 4కి లెక్కగట్టే గ్రేడ్ల సగటు, 2.9కి పడింది, 3.0 లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుందని భయం. పైగా ఈ ఏడాది పథకం పేరులోంచి డైవర్సిటీ అన్న మాటే తీసేశారు. మీ నాన్నగారు మాత్రం మొదటి నుంచీ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ‘ఇంత డబ్బు ఊరికే ఎవరిస్తారమ్మా?’

నేను ఇలాంటి పథకాల్లో సలహాదారుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఎంపిక సంఘాల్లో కూర్చున్నాను. జీపీఏ తగ్గి కళ్లనీళ్లతో వచ్చిన పిల్లల చేత అప్పీలు లేఖలు రాయించాను. దాతల విందుల్లో ఎవరిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో జాబితాలు కూడా రాశాను. కాబట్టి లోపలివాళ్లు ఈ వ్యవహారాన్ని ఎలా చూస్తారో అలాగే చెబుతాను. మీ ప్రశ్నల్లో గడువు ఉన్నది జీపీఏ ఒక్కదానికే. మనసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు లెక్క చూద్దాం.

స్కాలర్‌షిప్ ఇస్తున్నామని షరతులతో సహా పంపిన మీ అవార్డు లేఖ తీసి నిదానంగా చదవండి. భయం పట్టుకున్నవాళ్లు చేసే మొదటి పని ఆ లేఖను మళ్లీ చూడకపోవడం. 3.0 ఉండాలన్నది ఆ సెమిస్టర్‌కా, మొత్తం చదువుకా? ప్రతి సెమిస్టర్ చివరా చూస్తారా, ఏడాదికొకసారి వసంత సెమిస్టర్ గ్రేడ్లు వచ్చాక చూస్తారా? తగ్గితే వెంటనే ఆపుతారా, కోలుకోవడానికి ఒక సెమిస్టర్ గడువిస్తారా? ఇవి లేఖలో స్పష్టంగా లేకపోతే పథకం ఆఫీసుకు ఈమెయిల్ పంపి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాట మీద ఆధారపడవద్దు. ఆ కుర్చీలో ఇవాళ ఉన్నవాళ్లు వచ్చే ఏడాది ఉండకపోవచ్చు.

కోర్సు బరువును క్రెడిట్లలో కొలుస్తారు. మీకు ఇప్పటికి 45 క్రెడిట్లు పూర్తయ్యాయని రాశారు. 2.9 చొప్పున మీ దగ్గరున్న గ్రేడ్ పాయింట్లు 130.5. వచ్చే సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు తీసుకుంటే మొత్తం 60 అవుతాయి, 3.0కి 180 పాయింట్లు కావాలి. మిగిలిన 49.5ని 15తో భాగిస్తే 3.3 వస్తుంది. సగటున బి ప్లస్ తెచ్చుకోవాలన్న మాట. ఇప్పుడు రెండో దారి. కాలిక్యులస్‌లో సి వచ్చిందన్నారు, అది 4 క్రెడిట్ల కోర్సు. మళ్లీ చదివితే పాత గ్రేడు తీసేసి కొత్తది వేసే నిబంధన మీ దగ్గర ఉంటే, ఆ 15 క్రెడిట్లలోనే కాలిక్యులస్‌ను మళ్లీ తీసుకుని బి తెచ్చుకున్నారనుకుందాం. అప్పుడు కాలిక్యులస్ ఒక్కసారే లెక్కకు వస్తుంది కాబట్టి మొత్తం క్రెడిట్లు 56, కావలసిన పాయింట్లు 168. క్రెడిట్‌కు సి అంటే 2 పాయింట్లు, బి అంటే 3 కాబట్టి, పాత పాయింట్లకు 4 కలిసి 134.5 అవుతాయి. మిగతా 11 క్రెడిట్లలో 33.5 పాయింట్లు చాలు, అంటే సగటున 3.05 తెచ్చుకుంటే గట్టెక్కినట్టే. 3.3కీ 3.05కీ మధ్య దూరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పరీక్షల వారంలో అది చాలా పెద్దది. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు పాత గ్రేడునూ కొత్త గ్రేడునూ రెంటినీ లెక్కిస్తాయి. మీదీ అలాంటిదైతే మళ్లీ మొదటి లెక్కే, 3.3. కోర్సు నమోదుకు ముందే ఇది రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. ఒకసారి పాసైన కోర్సును ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, సహాయం కింద ఒక్కసారే మళ్లీ చదవనిస్తారన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఈ సెమిస్టర్‌లో బరువుగా ఉన్న కోర్సును వదిలేసి జీపీఏ కాపాడుకోమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వదిలేసిన కోర్సుకు పడే ‘డబ్ల్యూ’ జీపీఏను తాకదు, నిజమే. కానీ క్రెడిట్లు 12 కంటే తగ్గితే మీరు పూర్తికాల విద్యార్థి కింద లెక్కకు రారు, చాలా స్కాలర్‌షిప్‌లకు ఆ షరతు ఉంటుంది. ఇది కాక ఫెడరల్ సహాయానికి వేరే కొలత ఒకటుంది. నమోదు చేసుకున్న క్రెడిట్లలో సుమారు 67 శాతం పూర్తి చేస్తూ రావాలి, వదిలేసినవి కూడా నమోదు చేసుకున్నవాటి కిందికే వస్తాయి. ఇక వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే దగ్గర్లోని రెండేళ్ల కాలేజీలో, ఒక కోర్సు చదివి జీపీఏ పెంచుకుందామన్న ఆలోచన. ఖర్చు తక్కువే గానీ, చాలా విశ్వవిద్యాలయాలు బయటి క్రెడిట్లను తీసుకుంటాయి తప్ప బయటి గ్రేడును జీపీఏలో కలపవు. జీపీఏ కోసమే అయితే వేసవి కోర్సు మీ విశ్వవిద్యాలయంలోనే చేయాలి.

ఇంత చేసినా తగ్గితే అప్పీలు చేసుకోవచ్చు. మంచి అప్పీలు లేఖ ఒక పేజీ దాటదు. ఏం జరిగింది, దానికి రుజువేముంది, వచ్చే సెమిస్టర్‌లో ఏం మారుతుంది, ఈ మూడే అందులో ఉండాలి. సంఘం శ్రద్ధగా చదివేది మూడోదాన్ని. పేజీల కొద్దీ కష్టాలు రాసి, చివర ‘ఇకపై కష్టపడి చదువుతాను’ అని ఒక్క వాక్యంతో ముగించిన లేఖలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ఆ పిల్లలు అంతకుముందూ కష్టపడుతూనే ఉన్నారు. మారాల్సింది కష్టపడే తీరు.

ఇక్కడే మీ ఉత్తరంలోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘రాత్రి రెండింటిదాకా గదిలో ఒక్కదాన్నే కూర్చుని లెక్కలు చేస్తున్నాను’ అని రాశారు. గర్వంగానే రాశారు, గర్వపడాల్సిందే కూడా. కానీ మీ 2.9కి కారణం అందులోనే ఉందని నా అనుమానం.

1970లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థి ఈ విషయాన్నే పట్టుకున్నాడు. మొదటి ఏడాది కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో తప్పుతున్నారు, చైనా మూలాలున్న విద్యార్థులు బాగా రాణిస్తున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదని ఒకరు, పునాది బలంగా లేదని ఒకరు, ఇంట్లో ప్రోత్సాహం లేదని ఇంకొకరు చెప్పారు. ట్రైస్‌మన్ రెండు వర్గాల నుంచీ 20 మంది చొప్పున విద్యార్థులను ఎంచుకుని, వాళ్లు ఎప్పుడు, ఎక్కడ, ఎలా చదువుతున్నారో దగ్గరుండి గమనించాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలబడలేదు. నల్లజాతి విద్యార్థులు అధ్యాపకులు చదవమన్నన్ని గంటలు శ్రద్ధగా చదువుతున్నారు, కానీ ఒంటరిగా. హైస్కూలులో ఆ పద్ధతే వాళ్లను పైకి తెచ్చింది మరి. చైనా మూలాల విద్యార్థులు ఎవరి లెక్కలు వాళ్లు చేసుకున్నాక సాయంత్రాలు ఒకచోట చేరి, జవాబులు పోల్చుకుని, ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటున్నారు. అందరూ తప్పిన లెక్క ఏదో వాళ్లకు తెలుస్తుంది. ఒంటరిగా చదివేవాడికి మాత్రం అది తన ఒక్కడి తెలివితక్కువతనంగానే కనిపిస్తుంది. ట్రైస్‌మన్ దీనికి కనిపెట్టిన విరుగుడు కూడా గమనించదగ్గది. వెనకబడినవాళ్లకు సులువు పాఠాలు మళ్లీ చెప్పే తరగతి పెట్టలేదు. మామూలు తరగతిలో కంటే కష్టమైన లెక్కలిచ్చి, గుంపుగా కూర్చుని చేయించాడు. అందులో చేరినవాళ్ల గ్రేడ్లు స్పష్టంగా పెరిగాయి.

మేరీలాండ్‌లోని యూఎంబీసీ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ స్కాలర్స్ పథకం కూడా ఇలా కలిసి చదవడానికి పెద్దపీట వేసింది. రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో, తర్వాత ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడైన ఫ్రీమన్ హ్రబౌస్కీ దాన్ని నిలబెట్టారు. 1989లో చేరిన మొదటి బృందంలో ఉన్నది 19 మంది నల్లజాతి యువకులు. కాలేజీ మొదలయ్యే ముందు వేసవిలోనే అందరినీ ఒకచోట ఉంచి, కలిసి చదవడం అలవాటు చేయిస్తారు. కొవిడ్ టీకా పరిశోధనలో ముఖ్యపాత్ర పోషించిన కిజ్‌మెకియా కార్బెట్ ఈ పథకం విద్యార్థినే. 1989లోనే డెబోరా బియల్ న్యూయార్క్‌లో పాసీ ఫౌండేషన్ పెట్టారు. చదువు మధ్యలో వదిలేసిన ఒక తెలివైన కుర్రాడు, నా జట్టు నాతో ఉండి ఉంటే మానేసేవాణ్ని కాదు అన్న మాటే దానికి మూలం. అందుకే వాళ్లు ఒక్కొక్కరిని విడివిడిగా పంపరు. ఒకే నగరానికి చెందిన సుమారు పదిమందిని ఒక జట్టుగా ఒకే కాలేజీకి పంపుతారు. మొదటి జట్టు వెళ్లింది వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి.

దీన్ని మీ విషయానికి తెస్తాను. మీ పథకంలో మీతో పాటు చేరినవాళ్లలో కాలిక్యులస్, కెమిస్ట్రీ చదువుతున్నవాళ్లు ఎవరో ఈ వారమే కనుక్కోండి. నలుగురు చాలు. ఆరుగురు దాటితే అది చదువు కాదు, సంత. ఎవరి లెక్కలు వాళ్లు ముందే చేసుకుని రావాలి, వచ్చాక పోల్చుకోవాలి. రాని లెక్కను బోర్డు మీద ఒకరు మిగతావాళ్లకు చెప్పాలి. నలుగురికీ రాని లెక్కను పట్టుకుని ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో నలుగురూ కలిసి వెళ్లండి. ఒంటరిగా ఆ తలుపు తట్టడానికి జంకే పిల్లలు గుంపుగా అయితే హాయిగా వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. పథకం వాళ్లు కేటాయించిన మెంటార్‌ల మీద నాకు పెద్ద ఆశ లేదని కూడా చెప్పాలి. ఒకే రకమైన ఇంటిపేరు, ఒకే రకమైన నేపథ్యం చూసి జత చేసేస్తారు. నెలకోసారి కాఫీ తాగి ‘అంతా బాగుందా’ అంటే ‘బాగుంది’ అని వచ్చేస్తారు. అదృష్టవశాత్తు మంచివాళ్లు దొరికితే సరే. లేకపోతే మర్యాదగా కొనసాగిస్తూ, ఆ సమయంలో ఎక్కువ భాగం మీ నలుగురి గుంపుకు ఇవ్వండి.

ఇక ఆ మాట సంగతి. ‘కోటాలో వచ్చింది కదా.’

చట్టం ప్రకారం ఆ మాట తప్పు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో జాతి ఆధారంగా సీట్లు పక్కన పెట్టడం 1978 నుంచే చెల్లదు. కాలిఫోర్నియాలోని డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16ని అలా ఉంచితే, అక్కడ సీటు రాని అలన్ బాకీ అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే తీర్పులో జస్టిస్ పావెల్ ఒక కిటికీ తెరిచి ఉంచారు. సమాజంలో గతంలో జరిగిన అన్యాయాన్ని సరిచేయడం కోసమంటే ఆయన ఒప్పుకోలేదు. రకరకాల నేపథ్యాల విద్యార్థులు ఒక తరగతిలో ఉంటే అందరి చదువూ మెరుగవుతుంది కాబట్టి, ఎంపికలో జాతిని ఇతర అంశాలతో పాటు ఒక అంశంగా చూడవచ్చన్నారు. 2003లో మిషిగన్ లా స్కూల్ కేసులో కోర్టు దాన్నే సమర్థించింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది.

ఈ చరిత్రంతా చెప్పడానికి ఒక కారణముంది. ఆ 45 ఏళ్లూ విశ్వవిద్యాలయాలు కోర్టు బోనులో నిలబడి ఏమని వాదించాయో చూడండి. పాపం, వీళ్లకు సాయం చేస్తున్నాం అనలేదు. ఇలాంటి విద్యార్థులు లేకపోతే మా తరగతి గది పేదదవుతుంది, వీళ్లు మాకు కావాలి అన్నాయి. అందుకే మీ నాన్నగారి ప్రశ్న నాకు మీ ప్రశ్నలన్నిటికంటే నచ్చింది. ఊరికే ఎవరూ ఇవ్వరు. మీ విశ్వవిద్యాలయం మీ నుంచి ఏదో ఆశించే ఇచ్చింది. మీరు తరగతిలో అడిగే ప్రశ్న, చదువు పూర్తి చేసినవాళ్ల శాతంలో మీ లెక్క, వాళ్ల నివేదికలో మీ వివరం, దాతకు చూపించడానికి మీ ఉత్తరం. ఇందులో కొన్ని గొప్పవి, కొన్ని చిల్లరవి. కానీ ఇది ఇచ్చిపుచ్చుకోవడమే. దీన్ని దయగా భావించి తల వంచుకుని తిరగనవసరం లేదు. ఎవరి సీటో లాక్కున్నట్టు కుంగిపోవడంలోనూ అర్థం లేదు.

‘నాకు అర్హత ఉందా’ అన్న బెంగ విషయానికొస్తే, ఎంపిక బల్ల దగ్గర కూర్చున్నదానిగా ఒక్కటే చెబుతాను. మీ ఫైలు మా ముందుకొచ్చేసరికి అనర్హుల ఫైళ్లు బయటికెళ్లిపోయి ఉంటాయి. మిగిలినవాళ్లలో ఎవరికిచ్చినా తప్పు కాదు, అందరికీ ఇవ్వడానికి డబ్బుండదు, అంతే. చివరి వరుసలో ఎంపికకు అదృష్టం కలిసొస్తుంది, అది క్రీడా స్కాలర్‌షిప్‌లోనైనా, పూర్వ విద్యార్థుల పిల్లల విషయంలోనైనా. వాళ్లను ఎవరూ అర్హత ఉందా అని అడగరు, అది వేరే సంగతి. అర్హత లేదన్న భావం అర్హత లేదనడానికి రుజువు కాదు కూడా. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు ‘నేను వీళ్లందరినీ మోసం చేస్తున్నాను, ఏదో ఒక రోజు బయటపడతాను’ అనే ఈ భావన గురించి మొదటిసారి రాసినప్పుడు, వాళ్లు పరిశీలించినది చదువులోనూ వృత్తిలోనూ బాగా పైకొచ్చిన స్త్రీలను.

ఆ క్లాసుమేటుకు జవాబు చెప్పి తీరాలనేమీ లేదు. మీ ఆదాయం, మీ ఇంటి పరిస్థితి, మీ హైస్కూలు గ్రేడ్లు, వీటిలో ఏదీ ఆయనకు చూపించే బాధ్యత మీకు లేదు. ఏదో ఒకటి అనాలనిపిస్తే, ‘అవును, వచ్చింది. గురువారం కాలిక్యులస్ గుంపు కూర్చుంటున్నాం, వస్తావా?’ అనండి. నా అనుభవంలో ఇలాంటి మాటలనేవాళ్లలో సగం మంది ఫీజు అప్పుల భారంతో సతమతమవుతున్నవాళ్లే. ఆ కోపం మీ మీద కాదు.

ఇచ్చిపుచ్చుకోవడం అన్నాక, ఇచ్చేది ఎంతో తెలియాలి. ఫొటోలు, చర్చావేదికలు, దాతల విందుల గురించి ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను. అవార్డు లేఖలో రాసిన పనులు మీ బాధ్యత. నెలవారీ సమావేశం, సేవా గంటలు, ఏడాదికొక కృతజ్ఞతా లేఖ, ఇలాంటివి. వాటిని సాకులు చెప్పకుండా చేయండి. లేఖలో లేనివన్నీ విజ్ఞప్తులు మాత్రమే, ఎంత ఆప్యాయంగా అడిగినా సరే. ఆఫీసువాళ్లు ఎప్పుడూ అడిగిందే తడవుగా వచ్చే విద్యార్థులనే పిలుస్తారు. వాళ్లలో దురుద్దేశం ఉండదు, తేలికగా దొరికేవాళ్లను పిలవడం అంతే. దాంతో ఒకే నలుగురైదుగురు ప్రతి కరపత్రం మీదా నవ్వుతూ కనిపిస్తారు, వాళ్ల గ్రేడ్లు మాత్రం నవ్వవు. సెమిస్టర్ మొదట్లోనే, లేఖలో లేనివాటిలో ఒకటో రెండో చేస్తానని మీకు మీరు నిర్ణయించుకోండి. అవి అయిపోయాక ‘ఈ సెమిస్టర్‌కు నా వంతు అయింది, జీపీఏ మీద దృష్టి పెట్టాలి, వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ అడగండి’ అని రాయండి. చదువు కారణంగా చెప్పిన ‘కుదరదు’ను ఏ పథకమూ తప్పు పట్టలేదు. మీరు చదువు పూర్తి చేయడమే వాళ్ల నివేదికలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె.

చర్చావేదిక మీద ‘మీ వర్గం తరఫున మీ అభిప్రాయం ఏమిటి’ అని అడిగితే ‘నా తరఫున చెబుతాను’ అని మొదలుపెట్టండి. దాతల విందులో మీ కుటుంబ కష్టాల గురించి అడిగినా, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించేది మీరే. నాన్న చేతికి దెబ్బ తగిలి పని మానేసిన సంగతి దరఖాస్తు వ్యాసంలో రాసి ఉండవచ్చు. రాసినంత మాత్రాన అది అన్నం తింటూ పదిమందికి చెప్పాల్సిన కథ అయిపోదు. చాలామంది దాతలు మంచివాళ్లు, ఏం మాట్లాడాలో తెలియక అదే అడుగుతారు. మీరు ఈ సెమిస్టర్‌లో చదువుతున్న ఆసక్తికరమైన విషయం ఒకటి తీయండి, వాళ్లకూ హాయిగా ఉంటుంది. ఇంజినీరుగా రిటైరైన ఒక పెద్దాయన, మా విద్యార్థిని వంతెనల కంపనాల గురించి మాట్లాడేసరికి భోజనం చల్లారిపోయినా లేవలేదు.

పథకం పేరు మారడం గురించి మీరు భయపడినంత నేను భయపడటం లేదు, కానీ నిర్లక్ష్యం చేయవద్దు. 2023 తీర్పు ప్రవేశాల గురించినదే అయినా, దాని నీడ స్కాలర్‌షిప్‌ల మీద వెంటనే పడింది. తీర్పు వచ్చిన రోజే మిజూరి రాష్ట్ర అటార్నీ జనరల్ అక్కడి విశ్వవిద్యాలయాలు స్కాలర్‌షిప్‌లలో కూడా జాతిని చూడటం మానాలన్నారు. మిజూరి విశ్వవిద్యాలయం సరేనంటూనే, అప్పటికే ఇచ్చినవాటిని చట్టం అనుమతించినంత మేరకు కొనసాగిస్తామంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ పంపిన లేఖ కూడా స్కాలర్‌షిప్‌లను ప్రస్తావించడంతో పేర్లు మార్చే వేగం పెరిగింది. నిజానికి స్కాలర్‌షిప్‌ల మీద కోర్టు దెబ్బ ఇంకా పాతది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులకే ఉద్దేశించిన బానెకర్ స్కాలర్‌షిప్‌ను 1994లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. నేను పైన చెప్పిన మేయర్‌హాఫ్ పథకం 1996లో అన్ని నేపథ్యాలవారికీ తలుపులు తెరిచింది. వెనకబడిన వర్గాల విద్యార్థులు శాస్త్రరంగంలో పైకి రావాలనే ఆసక్తి ఉన్నవాళ్లెవరైనా అర్హులే అన్నారు. పథకం పోలేదు, ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు చాలా చోట్ల జరుగుతున్నదీ ఇలాంటిదే. ఇంట్లో మొదటి తరం కాలేజీ విద్యార్థులా, కుటుంబ ఆదాయం ఎంత, ఏ అడ్డంకులు దాటి వచ్చారు అన్నవి ప్రమాణాలుగా మారుతున్నాయి. మొదటి తరం విద్యార్థిగా మీకు అవి సరిగ్గా సరిపోతాయి. అయినా ఆఫీసుకు రాసి మూడు విషయాలు అడగండి: పాత లేఖలోని మొత్తం, మిగిలిన ఏళ్లు, పునరుద్ధరణ షరతు, ఈ మూడింటిలో ఏమైనా మారిందా? డబ్బు వచ్చేది విశ్వవిద్యాలయ నిధి నుంచా, దాత నిధి నుంచా, రాష్ట్ర నిధి నుంచా అన్నది కూడా తెలుసుకోండి. మార్పు వచ్చేది సాధారణంగా అక్కడి నుంచే.

చివరిగా డబ్బు. వేరే స్కాలర్‌షిప్‌లకు కూడా దరఖాస్తు చేస్తున్నానన్నారు. చేయండి, కానీ ఒక గుంట ఉంది. బయటి స్కాలర్‌షిప్ వస్తే దాన్ని విశ్వవిద్యాలయానికి తెలపాలి. తెలిపాక వాళ్లు తాము ఇస్తున్న గ్రాంటును, అంటే తిరిగి కట్టనక్కర్లేని సహాయాన్ని, ఆ మేరకు కోసేయవచ్చు. కష్టపడి వ్యాసాలు రాసి 2,000 డాలర్లు గెలిస్తే చేతికి కొత్తగా ఒక్క డాలరూ రాని సందర్భాలున్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ కోతకు 2017లో మొదట కళ్లెం వేసిన రాష్ట్రం మేరీలాండ్. తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మీ రాష్ట్రంలో నిబంధన లేకపోయినా ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును ముందుగానే అడగండి: తగ్గించక తప్పకపోతే ముందు రుణాన్ని, తర్వాత క్యాంపస్ ఉద్యోగం వాటాను తగ్గించి, గ్రాంటును చివరికి వదలగలరా అని. అడిగినవాళ్లకు చాలా చోట్ల అలాగే చేస్తారు.

పన్ను సంగతి మీ నాన్నగారికి చెప్పండి. డిగ్రీ చదివేవారికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సుకు తప్పనిసరైన పుస్తకాలు, పరికరాల కోసం ఖర్చయిన స్కాలర్‌షిప్ డబ్బు మీద పన్ను ఉండదు. వసతికీ భోజనానికీ పోయిన భాగం మాత్రం ఆదాయం కిందికి వస్తుంది. మీ స్కాలర్‌షిప్ ట్యూషన్ దాటి హాస్టల్ ఖర్చును కూడా భరిస్తోందని రాశారు కాబట్టి మీకిది వర్తిస్తుంది. జనవరి చివరికల్లా విశ్వవిద్యాలయం 1098-టి అనే పత్రం ఇస్తుంది. అందులో అయిదో గడిలోని అంకె మొదటి గడిలోని అంకె కంటే ఎక్కువగా ఉంటే ఆ తేడాను పరిశీలించాలి. పుస్తకాలకు మీరు పెట్టిన ఖర్చును ఆ తేడాలోంచి తీసేయవచ్చు, రసీదులు ఉంటేనే. చాలామంది విద్యార్థులకు మిగిలే మొత్తం మీద పన్ను పెద్దగా పడదు, ఒక్కోసారి అసలు పడదు. అయినా లెక్క రాసి పెట్టుకోవాలి. ఈ సెమిస్టర్ పుస్తకాల రసీదులతోనే మొదలుపెట్టండి. కాలిక్యులస్ పుస్తకం పాతది కొన్నా సరే, దాని రసీదు కూడా దాచండి.